పాత అంబాసిడర్‌లో ముక్కిన వాసనా? సెంటు కొట్టకండి, ముందు నీళ్ల దారి పట్టుకోండి

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నవాళ్ల కోసం. అది తాతగారిది కావచ్చు, మీరే ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది కావచ్చు. వానాకాలం వచ్చిందంటే చాలు, డోర్ తీయగానే ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు గుప్పున కొడుతుంది. మ్యాట్ మీద కాలు పెడితే చెమ్మ. అప్పుడు చాలామంది చేసే పని ఏంటంటే, డ్యాష్‌బోర్డు మీద ఓ పర్‌ఫ్యూమ్ డబ్బా పెట్టేయడం. ఓ వారం బాగానే ఉంటుంది. తర్వాత మల్లెపూల వాసన, ముక్కిన వాసన రెండూ కలిసి ఇంకా ఘోరంగా తయారవుతుంది.

వాసన జ్వరం లాంటిది అన్నమాట. జ్వరం తగ్గడానికి మాత్ర వేసుకున్నా, లోపల రోగం లోపలే ఉంటుంది. ఇక్కడ రోగం ఏంటంటే నీళ్లు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టకుండా ఏం చేసినా డబ్బులు దండగ.

దీన్ని ఇంత సీరియస్‌గా ఎందుకు తీసుకోవాలి? అంబాసిడర్ అనేది బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైన్‌తో మన దేశంలో తయారైన కారు. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. బాడీ, ఫ్లోర్ అన్నీ కలిపి వెల్డ్ చేసిన ఒకే పెట్టె. అంటే మీ కాళ్ల కిందున్న రేకు కూడా కారు బలంలో భాగమే. మ్యాట్ కింద నీళ్లు నిలిచి ఆ రేకు తుప్పు పడితే, కారు వెన్నెముక తినేసినట్టే. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయింది కాబట్టి, కొత్త బాడీ ఫ్యాక్టరీ నుంచి రాదు. ఉన్నదాన్నే కాపాడుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది, తుప్పు ఇంకా త్వరగా వస్తుంది.

సరే, మొదటి పని ముక్కుతో. ఏ వాసన అన్నది తేల్చుకోండి. తడిసిన గోనెసంచి వాసన వస్తే బూజు, తడి. కుళ్లు వాసన అయితే సీటు కిందో, డ్యాష్‌బోర్డు వెనకో ఎలుక చచ్చి ఉండొచ్చు. ఈ రెండూ చిరాకే కానీ, వెంటనే ప్రాణం మీదకు రావు.

ప్రాణం మీదకు వచ్చేవి ఇంకో రెండున్నాయి. ఒకటి పెట్రోల్ వాసన. ట్యాంకు డిక్కీ వైపు ఉంటుంది. పెట్రోల్ పోసే గొట్టానికి, ట్యాంకుకి మధ్య ఉన్న రబ్బరు పైపు ఏళ్లు గడిస్తే ఎండిపోయి పగులుతుంది. ఆ వాసన వస్తుంటే కారు స్టార్ట్ చేయొద్దు, లోపల ఏ స్విచ్చీ వేయొద్దు, మెకానిక్‌ని పిలవండి. రెండోది సైలెన్సర్ పొగ వాసన. ఫ్లోర్‌లో తుప్పు చిల్లులున్నా, డిక్కీ రబ్బరు పోయినా పొగ లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసేది పొగలోని మిగతా వాటి వాసన మాత్రమే. ప్రయాణంలో తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే కారు ఆపి, బయటికి వచ్చేయండి. రిపేర్ అయ్యేదాకా ఆ కారు నడపొద్దు. పర్‌ఫ్యూమ్ వద్దని నేను అంత గట్టిగా చెప్పేది కూడా ఇందుకే. అది ఈ రెండు హెచ్చరికల్నీ కప్పేస్తుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఎప్పుడు తడుస్తోందో గమనిస్తే సగం జవాబు దొరికినట్టే. సీట్లు, మ్యాట్లు తీసేసి ఫ్లోర్ తుడిచి ఆరబెట్టండి. తర్వాత పాత న్యూస్‌పేపర్లు పరిచి పెట్టండి. వానలో ఊరికే నిలబెట్టిన కారులో పేపర్ తడిసిందా? నీళ్లు పైనుంచి వస్తున్నాయి. అంటే అద్దాలు, డోర్లు, వైపర్ కడ్డీల దగ్గర. నిలబెట్టినప్పుడు పొడిగా ఉండి, తడి రోడ్డు మీద నడిపాకే తడిసిందా? టైర్లు చిమ్మిన నీళ్లు కింద చిల్లుల్లోంచి వస్తున్నాయి. అసలు వానే లేదు, ఎండాకాలంలో ఏసీ వేసుకున్న రోజే తడిసిందా? ఏసీ నీళ్లు బయటికి పోయే సన్నపైపు మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేస్తే చాలు, పెద్ద ఖర్చు కూడా కాదు.

పైనుంచి అని తేలితే పైపు టెస్ట్ చేద్దాం. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట మామూలు తోట పైపుతో నీళ్లు వదలాలి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ పైపు వద్దు. ఆ ఫోర్స్‌కి బాగున్న రబ్బర్లోంచి కూడా నీళ్లు దూరతాయి, మీకు తప్పుడు జవాబు వస్తుంది. ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ముందు డోర్ కింది భాగం, తర్వాత డోర్ అద్దం అంచు, తర్వాత ముందు అద్దం కింది మూలలు, చివర్లో పై అంచు. ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆగండి. ముందే పైన పోస్తే నీళ్లు అన్ని చోట్లకీ జారతాయి, ఎక్కడ కారుతోందో అర్థం కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. నీళ్లు కనిపించిన చోటే లోపలికి వచ్చాయని అనుకోవద్దు. మన పెంకుటింట్లో పెంకు ఒకచోట జరిగితే, నీళ్లు వాసం వెంబడి వచ్చి ఇంకోచోట కారినట్టే ఇది కూడా. ముందు అద్దం మూలలో దూరిన నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక వైర్ల వెంట జారి, మీ పాదాల దగ్గర పడతాయి. అందుకే లోపల కూర్చున్నవాళ్లు తడి నుంచి మొదలుపెట్టి, చెయ్యి పెట్టి తడుముతూ పైకి వెళ్లాలి.

ఇప్పుడు ఒక్కోటీ ఎలా బాగుచేయాలో చూద్దాం.

ముందు అద్దం. దీన్ని పట్టుకునేది చుట్టూ ఉన్న రబ్బరు. ఏళ్ల ఎండకి అది గట్టిపడి, కుంచించుకుపోయి మూలల్లో సందులు వదులుతుంది. రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే, చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ గరిటెతోనో దాని పెదవి మెల్లగా ఎత్తి, గట్టిపడకుండా జిగురుగానే ఉండే బ్యూటైల్ సీలెంట్ నింపొచ్చు. బాత్రూమ్‌లకు వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు. ఆరేటప్పుడు దాన్నుంచి యాసిడ్ వస్తుంది, అది రేకుని తుప్పు పట్టిస్తుంది. పైగా రేపు పెయింట్ వేయాలంటే సిలికాన్ ఉన్నచోట రంగు పట్టదు. రబ్బరు పగిలిపోయి ఉంటే కొత్తది వేయించడమే మంచిది. అద్దం దించినప్పుడు కింద ఫ్రేమ్‌కి తుప్పుందేమో తప్పకుండా చూడండి.

డోర్లు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, డోర్ లోపలికి నీళ్లు వెళ్లడం తప్పు కాదు. ఏ కారులోనైనా అద్దం పక్కనుంచి కొన్ని నీళ్లు జారతాయి. అవి డోర్ కింది అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. మట్టితో ఆ రంధ్రాలు మూసుకుపోతే డోర్ బకెట్ అయిపోతుంది. సన్నటి పుల్లతో పొడిచి తెరవండి, పైసా ఖర్చు లేదు. తర్వాత డోర్ ప్యాడ్ విప్పి చూడండి. దాని వెనక ప్లాస్టిక్ షీట్ ఉండాలి. ఎప్పుడో రిపేర్‌కి విప్పినవాళ్లు దాన్ని చింపి పారేసి ఉంటారు. మందపాటి పాలిథిన్ కోసి అతికించండి. దాని కింది అంచుని డోర్ లోపలివైపు దోపాలి, అప్పుడే నీళ్లు మళ్లీ డోర్‌లోకే జారతాయి.

డోర్ రబ్బరు పనిచేస్తోందా లేదా అన్నది పది రూపాయల నోటుతో తెలుస్తుంది. నోటు మధ్యలో పెట్టి డోర్ వేయండి, మెల్లగా లాగండి. బిగుతుగా వస్తే ఓకే. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు నొక్కుకోవడం లేదు. కొత్త రబ్బరు కొనేముందు డోర్ ఎత్తి చూడండి. కీలు అరిగి డోర్ కిందికి దిగిపోయి ఉంటే ఎంత కొత్త రబ్బరు వేసినా లాభం లేదు. డిక్కీకీ ఇదే టెస్ట్. వెనక లైట్ల చుట్టూ ఉన్న రబ్బర్లు కూడా చూడండి. డిక్కీలోని మ్యాట్, స్టెప్నీ తీసేసి కింద నీళ్లు నిలిచాయేమో చూడటం మర్చిపోవద్దు.

ఫ్లోర్. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది డొల్లగా వినిపిస్తుంది. పైపై తుప్పు అయితే వైర్ బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, పైన పెయింట్ వేయండి. చిల్లు పడితే కుళ్లిన భాగం కోసి కొత్త రేకు వెల్డ్ చేయించాలి. టింకరింగ్ షాపులో ఎవరైనా చిల్లు మీద తారు పూసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. తారు కింద చెమ్మ ఇరుక్కుని తుప్పు లోలోపల పెరుగుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీసేయాలి, లోపలి మ్యాట్లు, సీట్లు తీసేయాలి. డిక్కీ వైపు పని అయితే పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టించాలి. ఇందులో మొహమాటం వద్దు.

లీకు ఆగిందని మళ్లీ న్యూస్‌పేపర్ పరిచి, ఓ వాన చూసి, నిర్ధారించుకున్నాకే వాసన పని పట్టండి. మ్యాట్ కింద ఉండే ఫెల్ట్ స్పాంజి లాంటిది, నీళ్లు పీల్చుకుని వదలదు. వాసన పట్టిన ఫెల్ట్‌ని ఉతికి కష్టపడే బదులు పారేసి కొత్తది వేయండి. సీట్లు విప్పి రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. లోపలి పీచో, ఫోమో కుళ్లి ఉంటే సీట్లు కుట్టేవాళ్ల దగ్గర మార్పించాల్సిందే. రెక్సిన్ మీది బూజుని పొడిగా దులపకండి, అది గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకుని, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బట్ట సీట్లయితే ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్ చేయండి. వెనిగర్ వాడేవాళ్లు దాంట్లో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

చివరగా ఒక అలవాటు. తడి కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పేయకండి, లోపలి చెమ్మ బయటికి పోదు. షెడ్‌లో ఉంటే అద్దాలు ఒక వేలెడు దించి పెట్టండి. ఎండ వచ్చిన రోజు నాలుగు డోర్లూ తీసి పెట్టండి. వానాకాలం మొదలయ్యే ముందు డోర్ రంధ్రాలు ఒకసారి పొడవండి. కొత్త రబ్బర్లు, రేకులు కొనేముందు ఈ వారాంతం న్యూస్‌పేపర్ టెస్ట్ ఒక్కటి చేసి చూడండి. ఏ పేపర్ తడిసిందో అదే మీకు ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్తుంది.