ఒడిలో బడి

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ల్యాప్‌టాప్ వింత వస్తువేం కాదు. సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. పొద్దున ఏ బస్సెక్కినా వీపున ల్యాప్‌టాప్ సంచితో కుర్రకారు కనిపిస్తారు. అదే బస్సులో జిల్లా పరిషత్ హైస్కూలుకెళ్లే పిల్లల సంచుల్లో మాత్రం నోటుపుస్తకాలే. వాళ్లలో కొందరికి సొంత ల్యాప్‌టాప్ అందే దారి ఒకటుంది. అది బాసర మీదుగా పోతుంది.

2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రాంగణాలు. పల్లెల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల్ని నేరుగా తీసుకుని ఆరేళ్లు చదివించడం దాని పని. గ్రేడు పాయింట్లున్న రోజుల్లో సర్కారు బడి పిల్లలకు అదనంగా 0.4 కలిపేవారు. చేరినవాళ్లకు తలా ఒక ల్యాప్‌టాప్. అప్పటికి చాలా హైస్కూళ్లలో కంప్యూటర్ గదికి తాళమే ఉండేది.

ఆ విశ్వవిద్యాలయానికి తొలి కులపతి రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. పిల్లల చేతికి కంప్యూటర్ ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు కొత్త కాదు. 1980ల మొదట్లో పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక ప్రపంచ కంప్యూటర్ కేంద్రం పెట్టినప్పుడు, దానికి ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేశారు. కంప్యూటర్ పరిశోధకులు సీమర్ పాపర్ట్, నికొలస్ నెగ్రొపాంటే కూడా అక్కడున్నారు. 1982లో ఆ బృందం సెనెగల్ రాజధాని డాకర్‌లో ఆపిల్ కంప్యూటర్లను పిల్లల ముందు పెట్టింది. అసలు మూలం ఇంకా వెనక్కి పోతుంది. పాపర్ట్ దగ్గర పిల్లలు కంప్యూటర్‌తో లెక్కలు చేయడం 1968లో చూసిన కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ కే, ఒళ్లో పెట్టుకునే పుస్తకమంత కంప్యూటర్ బొమ్మ గీశాడు. దానికి డైనాబుక్ అని పేరు. అది కాగితం దాటలేదు.

నెగ్రొపాంటే మాత్రం పట్టు వదల్లేదు. 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాప్ చేస్తానన్నాడు. ఆ ఏడాది ట్యునిస్ సభలో నమూనాను చూపిస్తూ అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతికిస్తే, కరెంటు పుట్టించే పిడి తిప్పగానే ఊడొచ్చింది. పిడి పోయింది గానీ యంత్రం మిగిలింది. 2007 చివర్లో ఎక్స్‌ఓ పేరుతో తయారై బయటికొచ్చింది, 188 డాలర్లకు.

చిన్న పిల్లల కోసమే మొదటినుంచి ఆలోచించి కట్టిన ల్యాప్‌టాప్ అది. ఫ్యాను లేదు, తిరిగే హార్డ్ డిస్కూ లేదు. కిందపడితే పగిలే భాగాలు తక్కువ. కీబోర్డు ఒకే రబ్బరు పొర, దుమ్మూ నీళ్లూ లోపలికి పోవు. పైన రెండు ఆకుపచ్చ చెవులు. విప్పితే వైఫై యాంటెన్నాలు, మూస్తే యూఎస్‌బీ రంధ్రాలకు మూతలు. అన్నిటికన్నా గొప్పది మేరీ లూ జెప్సెన్ చేసిన తెర. తెరమీది ప్రతి చుక్కలో కొంత భాగం అద్దంలా వెలుగును వెనక్కి పంపుతుంది. వెనుక దీపం ఆర్పేస్తే ఎండే దీపమవుతుంది, అక్షరాలు నలుపు తెలుపులో పుస్తకంలాగే కనిపిస్తాయి. ఏప్రిల్ మధ్యాహ్నం బడి వరండాలో మామూలు ల్యాప్‌టాప్ తెరిచి చూడండి, మన మొహమే కనిపిస్తుంది.

మన దేశం దాన్ని వద్దంది. 2006లో కేంద్ర విద్యా శాఖ కార్యదర్శి సుదీప్ బెనర్జీ, ఇది బోధనాపరంగా నమ్మదగిన మార్గం కాదనీ, ముందు గదులూ ఉపాధ్యాయులూ కావాలనీ చెప్పారు. అప్పట్లో ఈ మాట ఛాందసంగా అనిపించింది. పెరూ లక్షల్లో కొని పంచింది. అక్కడి 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది: లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన జాడ లేదు. బుద్ధికుశలత పరీక్షల్లో కాస్త మెరుగు కనిపించింది. బెనర్జీ పూర్తిగా నెగ్గారనను గానీ, ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

బాసరలో ల్యాప్‌టాప్ నడిచిందంటే, దాని చుట్టూ తక్కినవి కూడా పెట్టారు కాబట్టే. పిల్లలు అక్కడే ఉంటారు, ప్రాంగణమంతా నెట్‌వర్క్, పాఠం అందులోనే, పక్కన అడగడానికి మెంటర్. ఆ అమరిక సడలితే ఏమవుతుందో అక్కడే చూశాం. 2022 జూన్‌లో విద్యార్థులు వానలో తడుస్తూ వారంపాటు ధర్నా చేశారు. వాళ్ల డిమాండ్లలో ల్యాప్‌టాప్ కూడా ఉంది. ఆ డిసెంబరు స్నాతకోత్సవానికి వచ్చిన అప్పటి మంత్రి కేటీఆర్ వాటిని పంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు, సార్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లిచ్చింది. నెట్ లేకున్నా పాఠం తెరుచుకునేలా ముందే నింపి ఇవ్వడం తెలివైన పని. కానీ ఆ పాఠాలిచ్చిన బైజూస్ కంపెనీ 2024లో దివాలా విచారణకెక్కింది.

బ్యాటరీ మాట ఎవరూ ఎత్తరు. ఎక్స్‌ఓలోని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని రెండు వేల సార్లు ఛార్జి చేయొచ్చు. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఐదు వందల సార్లకే నీరసిస్తుంది. రోజూ ఛార్జి పెడితే రెండేళ్లు నిండకుండానే ఆ లెక్క పూర్తవుతుంది. ఎనిమిదిలో ఇస్తే పది పరీక్షల నాటికి గోడకున్న ప్లగ్గు వదిలి కదలదు. ఇబ్రహీంపట్నం హైస్కూలు పిల్లలకు రేపు ల్యాప్‌టాప్‌లు ఇస్తామంటే, టెండరులో నేను మొదట వెతికేది ఆ అంకె కోసమే. తర్వాత చూసేది, బ్యాటరీ చచ్చాక మార్చి ఇచ్చేవాడు మండల కేంద్రంలో ఉంటాడా, హైదరాబాద్ దాకా పోవాలా అన్నది.