యామన్‌పల్లి రాక్షసబల్లి

కథల్లో డ్రాగన్ నిప్పులు కక్కుతుంది. మన వైపు దొరికిన రాక్షసబల్లి ఆకులు మేసేది. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగడం లేదు కదా? విడగొట్టి చదవండి. ‘కోట’ అంటే ఇక్కడ రాజుల కోట కాదు, ఎముకలు దొరికిన రాతిపొరల పేరు. ‘సారస్’ గ్రీకు మాట, బల్లి అని. ‘ఎన్సిస్’ లాటిన్ మాట, ఫలానా చోటిది అని. మిగిలింది యామన్‌పల్లి. అది తెలంగాణలో ఒక పల్లెటూరు. ప్రాణహిత, గోదావరి పారే వైపు, గోండులూ మా కోయవాళ్లూ ఉండే దిక్కు.

1988లో యాదగిరి గారనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. పదిహేను కోట్ల ఏళ్లకు పైనాటి జంతువు. పొడవు సుమారు 9 మీటర్లు, అంటే మనం ఆరుగురం ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టి పడుకున్నంత! పుర్రె దొరకలేదు, పళ్లు దొరికాయి. ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

నూజివీడు పేరు రసాల వల్ల అందరికీ తెలుసు. యామన్‌పల్లి పేరు ఈ బల్లి వల్ల దేశదేశాల పుస్తకాల్లోకెక్కింది. మా గూడెం పేరు మాత్రం నా సర్టిఫికెట్లోనే లేదు, పక్క ఊరిది రాశారు. అందుకే అడుగుతున్నా. మీ గూడెం పేరో, తండా పేరో, దాని అర్థమేంటో ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లనడిగి కాగితం మీద రాసుకు రండి. వార్డెన్ మేడమ్ ఒప్పుకుంటే వచ్చే నెల ఇక్కడే అంటిద్దాం.