నిద్రలో ఊపిరి ఆగితే

గుర్రుపెట్టి పడుకున్న మనిషిని చూసి "ఎంత హాయి నిద్రో!" అంటారు. కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకుంటారు. గురక వస్తే గాఢనిద్ర పట్టినట్టే అని చాలామంది నమ్మకం. కాని అన్ని గురకలూ హాయి నిద్రకు గుర్తు కాదు. కొన్ని గురకలు ఒక జబ్బుకు గుర్తు.

ఆ జబ్బు ఎలా ఉంటుంది?

మనిషి గట్టిగా గురక పెడుతుంటాడు. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. పొట్ట, ఛాతీ ఎగిరెగిరి పడుతుంటాయి. కాని ముక్కులోకి గాలి పోదు. పది సెకన్లు గడుస్తాయి. ఇరవై సెకన్లు గడుస్తాయి. ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తర్వాత పెద్ద శబ్దంతో ఒక్కసారిగా ఊపిరి అందుకుంటాడు. నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఉంటుంది. మళ్లీ గురక. మళ్లీ ఆగడం. రాత్రంతా ఇదే వరస.

దీన్ని డాక్టర్లు 'స్లీప్ ఆప్నియా' అంటారు. అంటే నిద్రలో ఊపిరి ఆగడం.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

మెలకువగా ఉన్నప్పుడు గొంతులోని కండరాలు బిగువుగా ఉంటాయి. గాలి పోయే దారి తెరిచే ఉంటుంది. నిద్ర పట్టగానే ఆ కండరాలు సడలుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి పోయేటప్పుడు వచ్చే మోతే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది.

అప్పుడు రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది. ఆ మెలకువ ఎంత చిన్నదంటే, పొద్దున్నే అడిగితే గుర్తుండదు. "రాత్రంతా బాగానే పడుకున్నాను" అంటారు.

మగ్గం మీద పోగు మాటిమాటికీ తెగుతుంటే గుడ్డ నేయగలరా? నిద్ర కూడా అంతే. మాటిమాటికీ తెగిన నిద్ర ఎనిమిది గంటలు పోయినా నిద్ర కాదు.

దీనివల్ల నష్టం ఏమిటి?

పొద్దున లేవగానే తల బరువుగా, నొప్పిగా ఉంటుంది. నోరు పిడచకట్టుకుపోతుంది. పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. మతిమరుపు, చిరాకు పెరుగుతాయి. రాత్రి మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే రక్తపోటు పెరుగుతుంది. ఎన్ని మందులు వాడినా కొందరికి బీపీ అదుపులోకి రాదు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువవుతుంది. లారీ, ఆటో, ట్రాక్టరు నడిపేవారికి కునుకు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

'గ్యాంగ్ లీడర్' సినిమా పాటలు విననివారు తక్కువ. ఆ పాటలకు సంగీతం కట్టిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. డాక్టర్లు చెప్పిన కారణాల్లో నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు కూడా ఒకటి. కాబట్టి దీన్ని నవ్వులాటగా తీసుకోరాదు.

ఆడవాళ్లకు కూడా వస్తుందా?

వస్తుంది. కాని బయటపడదు. మగవాడి గురక వాడంతా వింటుంది. ఆడమనిషి గురక పెడుతుందంటే నామోషీ అనుకుని ఎవరూ చెప్పరు. అదీకాక కొందరు ఆడవాళ్లలో గురక పెద్దగా ఉండదు. ఎప్పుడూ నీరసం, సరిగా నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, దిగులు మాత్రమే ఉంటాయి. "పని ఎక్కువైంది", "రక్తం తక్కువైంది", "సోమరితనం" అని తలా ఒక మాట అంటారు. అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువవుతుంది. లావుగా ఉన్నవారికి, మెడ లావుగా ఉన్నవారికి, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి వచ్చే అవకాశం ఎక్కువ. సన్నగా ఉన్నవారికి రాదని మాత్రం అనుకోరాదు. దవడ చిన్నగా ఉన్నా రావచ్చు. గర్భిణికి గురక, బీపీ రెండూ ఉంటే తప్పక డాక్టరుకు చెప్పాలి.

ఎలా తెలుస్తుంది?

ముందు ఇంట్లోవాళ్లు గమనించాలి. ఊపిరి ఆగుతున్నట్టు కనబడితే సెల్‌ఫోనులో తీసి డాక్టరుకు చూపించవచ్చు. అలాంటి వీడియో డాక్టరుకు చాలా ఉపయోగం. తర్వాత ఒక రాత్రి నిద్ర పరీక్ష చేస్తారు. తలకు, ఛాతీకి, వేలికి తీగలు పెడతారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. ఇప్పుడు చిన్న పరికరం ఇచ్చి ఇంట్లోనే పరీక్ష చేసే పద్ధతీ ఉంది.

గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, ఎన్నిసార్లు బాగా తగ్గుతోందో లెక్కిస్తారు. 5 సార్ల లోపు ఉంటే మామూలే. 5 నుంచి 15 అయితే కొద్దిపాటి జబ్బు. 15 నుంచి 30 అయితే మధ్యరకం. 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకు ఒకసారి గొంతు నొక్కినట్టే!

గాలి మిషను

ఈ జబ్బుకు బాగా పనిచేసే వైద్యం ఒక చిన్న మిషను. దాని పేరు సీప్యాప్. టిఫిను డబ్బా అంత ఉంటుంది. దానికి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించే మాస్కు ఉంటాయి. గదిలోని గాలినే పీల్చుకుని, వడకట్టి, కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. గాలి లేని సైకిలు ట్యూబు అతుక్కుపోతుంది. గాలి కొడితే నిలబడుతుంది. గొంతు కూడా అలాగే మూసుకుపోకుండా తెరిచి ఉంటుంది.

ఇది ఆక్సిజన్ సిలిండరు కాదు. ఇందులో మందు లేదు. అలవాటు పడితే వదలదేమో అన్న భయం అక్కర్లేదు. ఒత్తిడి కూడా ఎక్కువేమీ కాదు. లోతైన గ్లాసు నిండా నీళ్లు పోసి, సన్నని గొట్టం 10 సెంటీమీటర్లు ముంచి ఊదితే బుడగలు వస్తాయి. అందుకు ఎంత ఒత్తిడి కావాలో, చాలామందికి ఇంచుమించు అంతే సరిపోతుంది. ఎవరికి ఎంత కావాలో డాక్టరే చెప్పాలి.

ఈ మిషను కనిపెట్టినాయన ఆస్ట్రేలియా దేశపు డాక్టరు కోలిన్ సలివన్. అంతకు ముందు జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం పెట్టడమే వైద్యం. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు దుమ్మును లోపలికి లాగుతుంది. సలివన్ అలాంటి మోటారుతో గాలిని ముక్కులోకి ఊదించాడు. 1980లో మొదటి రోగికి పెట్టి చూశాడు. ఆ మనిషి ఆ రాత్రి గురక లేకుండా నిద్రపోయాడు. 1981లో ఐదుగురు రోగుల సంగతి వైద్య పత్రికలో రాశాడు. అప్పటినుంచి ఈ వైద్యం దేశదేశాలకూ పాకింది.

మొదటి రాత్రులు

మిషను తెచ్చిన రోజే హాయిగా నిద్ర పడుతుందని ఆశపడరాదు. కొందరికి పడుతుంది. చాలామందికి పట్టదు. మొహానికి ఏదో కట్టినట్టు ఉంటుంది. ఊపిరి వదలడం కష్టంగా ఉంటుంది. పిల్లలు "తాతకు తొండం వచ్చింది" అని నవ్వుతారు. పెట్టుకున్న మనిషికి సిగ్గేస్తుంది. అర్ధరాత్రి పీకి పక్కన పడేస్తాడు. నాలుగు రోజులకు మిషను అటక ఎక్కుతుంది. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే.

కొత్త చెప్పులు కూడా నాలుగు రోజులు కరుస్తాయి. అందుకని చెప్పులు మానేస్తారా? దీనికీ కొంత కాలం పడుతుంది. కొందరికి వారం, కొందరికి నెల, రెండు నెలలు.

అలవాటు చేసుకునే పద్ధతి ఇది. ముందు పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు, మాస్కు ఒక్కటే మొహానికి ఆనించుకోవాలి. తర్వాత మిషను వేసి, టీవీ చూస్తూనో కబుర్లు చెప్పుకుంటూనో పావుగంట ఉండాలి. రోజురోజుకూ సమయం పెంచాలి. తర్వాత పగటి కునుకుకు పెట్టుకోవాలి. ఆ తర్వాత రాత్రికి. చాలా మిషన్లలో మొదట తక్కువ గాలితో మొదలై మెల్లగా పెరిగే ఏర్పాటు ఉంటుంది. దాన్ని వాడమని అడగాలి. రాత్రి ఊడిపోతే మళ్లీ పెట్టుకోవాలి. రాత్రికి కనీసం నాలుగు గంటలు పెట్టుకోమంటారు. నిద్రపోయినంతసేపూ పెట్టుకుంటే పూర్తి ఫలితం.

కష్టాలు - ఉపాయాలు

మాస్కు పక్కనుంచి గాలి పోతే: కొలత సరిపోలేదన్నమాట. పట్టీలు మరీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది. పడుకుని పట్టీలు సరిచేసుకోవాలి. అయినా కుదరకపోతే మాస్కు మార్చమని అడగాలి. ముక్కు రంధ్రాల దగ్గర ఆనేవి, ముక్కు మీద పెట్టేవి, ముక్కూ నోరూ కప్పేవి అని రకాలున్నాయి.

నోరు, ముక్కు ఎండిపోతే: గాలికి తేమ పట్టించే చిన్న నీళ్ల డబ్బా కొన్ని మిషన్లతో వస్తుంది. అది వాడాలి. నోరు తెరిచి పడుకునేవారికి నోరు కూడా కప్పే మాస్కు మేలు.

ముక్కు దిబ్బడ వేస్తే: పడుకునే ముందు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వేసుకోవచ్చు. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

పొట్ట ఉబ్బరిస్తే: గాలి మింగుతున్నారన్నమాట. పక్కకు తిరిగి పడుకోవాలి. ఒత్తిడి సరిచూడమని డాక్టరును అడగాలి. సొంతంగా మార్చుకోరాదు.

కరెంటు పోతే: మాస్కు తీసి పడుకోవాలి. మాస్కుకు చిన్న రంధ్రాలుంటాయి. వదిలిన గాలి బయటకు పోయేది అందులోంచే. "గాలి కొడుతోంది" అని వాటికి టేపు అంటించరాదు. ఇన్వర్టరు మీద నడిపేటప్పుడు నీటిని వేడిచేసే మీట ఆపితే కరెంటు తక్కువ పడుతుంది.

ఊపిరి సరైనా నిద్ర రాకపోతే: తెగిన నిద్రకు అలవాటుపడ్డ ఒళ్లు వెంటనే మారదు. రోజూ ఒకే వేళకు లేవాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానాలి. పక్క మీద దొర్లుతూ గడియారం చూడరాదు. లేచి కాసేపు కూర్చుని, నిద్ర వచ్చినప్పుడు పడుకోవాలి. డాక్టరు చెప్పకుండా నిద్రమాత్ర వేసుకోరాదు. నిద్రమాత్ర, సారా రెండూ గొంతును ఇంకా సడలిస్తాయి.

శుభ్రం

మొహానికి ఆనే మాస్కును రోజూ తడిగుడ్డతో తుడవాలి. వారానికి ఒకసారి మాస్కు, గొట్టం, నీళ్ల డబ్బా గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. డబ్బాలో బోరు నీళ్లు పోస్తే కాగిన గిన్నెకు పట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్లు పోయాలి. పాత నీళ్లు రోజూ పారబోయాలి. గాలి వడపోసే జల్లెడకు దుమ్ము పడితే మార్చాలి. దోమల చుట్ట మిషను పక్కన వెలిగించరాదు. మిషను తలకంటే కిందుగా పెట్టాలి. లేకపోతే నీళ్లు గొట్టంలోకి వస్తాయి.

కొనే ముందు

మిషను ఖరీదు వేల రూపాయల్లో ఉంటుంది. అందుకే తొందరపడరాదు. చాలాచోట్ల అద్దెకు ఇస్తారు. కొన్నాళ్లు వాడి చూసి కొనడం మంచిది. వాడిన మిషను చౌకగా వస్తే డాక్టరుకు చూపకుండా తీసుకోరాదు. 2021లో ఫిలిప్స్ కంపెనీ తాను అమ్మిన చాలా మిషన్లను వెనక్కి పిలిచింది. వాటి లోపలి నురుగు స్పాంజి పొడి అయ్యి గాలితో పాటు ఊపిరిలోకి పోవచ్చని తేలింది. పక్కింటాయన మిషను, పక్కింటాయన ఒత్తిడి ఇంకొకరికి పనికిరావు.

మిషను జబ్బును అదుపులో ఉంచుతుంది గాని పోగొట్టదు. మానేస్తే గురక, ఊపిరి ఆగడం మళ్లీ వస్తాయి. బరువు తగ్గితే చాలామందికి జబ్బు తగ్గుతుంది. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి మేలు చేస్తుంది. జబ్బు కొద్దిగా ఉన్నవారికి పళ్లకు పెట్టే పరికరం కూడా ఉంది. ఎవరికి ఏది తగునో పరీక్ష చూసి డాక్టరు చెబుతాడు.

ఇంటివాళ్ల పని

భర్తకు మిషను ఇస్తే పక్క సర్దేది, నీళ్ల డబ్బా కడిగేది, ఊడిన మాస్కు మళ్లీ పెట్టేది చాలా ఇళ్లలో భార్యే. మరి భార్యకు ఆ జబ్బు ఉంటే? "ఆడదానికి అంత ఖర్చా? ఆ మాత్రం నీరసం అందరికీ లేదా?" అనే ఇళ్లూ ఉన్నాయి. ఊపిరికి ఆడ, మగ తేడా లేదు. ఇంటికి అందరికంటే ముందు లేచేది ఆమె. ఆమె నిద్రకు కూడా విలువ ఉంది. గురక పెడుతున్నామని సిగ్గుపడరాదు. ఆశా కార్యకర్తతోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతోనో నోరు తెరిచి చెప్పాలి.

గుర్తుంచుకోండి

గురక మధ్యలో ఊపిరి ఆగితే అది జబ్బు.
ఎంత పడుకున్నా నీరసం తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.
మిషను మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మానకుండా, మెల్లగా అలవాటు చేసుకోవాలి.
పగటి కునుకుకు కూడా మాస్కు పెట్టుకోవాలి.
ఇబ్బంది వస్తే మిషను అటక ఎక్కించవద్దు. ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి.

చర్చించండి

1. మీ ఇంట్లో ఎవరి గురకైనా మధ్యలో ఆగుతోందా? ఈ రాత్రి గమనించండి.
2. ఆడవాళ్ల నీరసాన్ని ఇంట్లో ఎందుకు పట్టించుకోరు?
3. మాస్కు పెట్టుకున్న మనిషిని చూసి నవ్వితే ఏం నష్టం జరుగుతుంది?