ఉద్యోగము విడిచి స్వతంత్ర వృత్తి చేపట్టు తల్లిదండ్రులకు

బెంగుళూరులో విమానముల కర్మాగారము 1940లోను, దూరవాణినగరులో టెలిఫోన్ కర్మాగారము 1948లోను వెలసినవి. మా విద్యార్థుల తాతలలో కొందరు అట్టి చోట్ల యౌవనమున చేరి, అక్కడనే పదవీ విరమణ చేసినవారు. నేడు ఆ పిల్లల తల్లిదండ్రులలో కొందరు మంచి ఉద్యోగములు వదలి, ఇంటినుండియే లెక్కలు వ్రాయుట, అనువాదము, సాఫ్ట్‌వేరు మొదలగు పనులు స్వతంత్రముగా చేయుచున్నారు. కారణమడిగినచో, బిడ్డ బడినుండి వచ్చు వేళకు ఇంట నుండవలెనని చెప్పుదురు. వైట్‌ఫీల్డు దారిలో సాయంకాలము గడపినవారికి ఈ కోరిక వివరింప బనిలేదు.

కోరిక మంచిదే. కాని చేతికి వచ్చెడి జీతమును మాత్రమే లెక్కించి రాజీనామా యిచ్చువారిని చూచినపుడు మాకు కొంత భయము కలుగుచున్నది.

గ్రాట్యుటీ సంగతి చూడుడు. స్థిరమైన ఉద్యోగికి అయిదేండ్ల ఎడతెగని సేవ నిండినచో, ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున రావలసి యుండును. మూల వేతనము, కరవు భత్యము కలిసి నెలకు 52,000 రూపాయలనుకొందము. దానిని 26చే భాగించి 15చే గుణించగా ఏడాదికి 30,000. అయిదేండ్లకు లక్షా యేబదివేలు. కొద్ది నెలలు ఓపిక పట్టనందున ఇంత సొమ్ము వదలుకొనుట తెలివి కాదు. భవిష్యనిధికి యజమాని వేయుచుండిన నూటికి 12 వంతు కూడ ఆగిపోవును. అందలి నిలువను వెంటనే తీసి ఖర్చు చేయరాదు. అయిదేండ్ల సేవ నిండకమునుపు తీసినచో సాధారణముగా పన్ను కూడ పడును.

సంస్థ చేయించిన ఆరోగ్య భీమా ఉద్యోగముతోనే ముగియును. క్రొత్త పాలసీలో పూర్వమునుండి ఉన్న జబ్బులకు మూడేండ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చును. ఇంట మధుమేహముగల పెద్దలున్నవారు, సమూహ పాలసీనుండి వ్యక్తిగత పాలసీకి మారు మార్గమును రాజీనామాకు ముందే భీమా కంపెనీ నడిగి తెలిసికొనవలెను. కర్ణాటకములో 2025లో వచ్చిన గిగ్ కార్మికుల చట్టము ప్లాట్‌ఫారముల ద్వారా పనిచేయువారికి ఉద్దేశించినది. సొంతముగా ఖాతాదారులను వెదకికొను వృత్తిదారునకు అది ఆసరా కాదు.

పన్ను మాట క్లుప్తముగా చెప్పెదము. జీతములో నెలనెలా మినహాయింపబడినది ఇకమీదట తామే చూచుకొనవలెను. ముందస్తు పన్ను మొదటి వాయిదాకు గడువు జూన్ 15. పాఠ్యపుస్తకములు, బడి దుస్తులు కొనునదియు ఆ రోజులలోనే!

ఇక బిడ్డ సంగతి. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలగునప్పటికి మనకు సాయంకాలము ఆరున్నర, చలికాలమున ఏడున్నర. అట్టి ఖాతాదారులనే నమ్ముకొన్నచో తల్లి గాని తండ్రి గాని ఇంటనే యుందురు, తలుపు మూసికొని! మన పిల్లలకు వీధిలో కన్నడము, తరగతిలో హెచ్చుగా ఇంగ్లీషు వినబడును. తెలుగు నోట నిలుచుటకు సాయంకాలపు ఇంటి మాటలే ఆధారము. ఏ వేళకు పనిచేయుదురో రుసుముతోపాటే మొదట నిర్ణయించుకొనవలసినది ఇందుకొరకే.

మా విద్యార్థిని తల్లి యొకరు నాలుగునుండి ఏడు గంటలవరకు ఫోనెత్తనని ఖాతాదారులకు ముందుగానే వ్రాసి తెలిపిరి. ఒకరు మానుకొనిరి, తక్కినవారు ఒప్పుకొనిరి. ఆ వేళలో ఆమె కుమార్తెచేత తెలుగు వాచకము చదివించుచున్నారు.