వీసా ఫొటోకు లెక్క ఉంది!
అమెరికాకు చతురస్రం.. ఐరోపాకు దీర్ఘచతురస్రం
కళ్లజోడు, మెరుగులు పనికిరావు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్: ఉద్యోగ పరీక్ష దరఖాస్తుకు తీయించుకున్న ఫొటోనే వీసాకూ సరిపోతుందనుకుంటే పొరపాటే. శిక్షణ కేంద్రాలకు, కళాశాలలకు నెలవైన ఈ ప్రాంతం నుంచి విదేశీ చదువులకు సిద్ధమయ్యే విద్యార్థులు ధ్రువపత్రాలతో పాటు ఫొటోపైనా దృష్టి పెట్టాలి. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రాంగూడకు మారింది. అంత దూరం వెళ్లాక ఫొటో బాగాలేదంటే ఇబ్బంది తప్పదు.

కొలతలివీ..
స్టూడియోలో 'పాస్‌పోర్టు సైజు' అని అడిగితే సాధారణంగా ఇచ్చేది 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు ఉన్న ఫొటో. ఐరోపాలోని షెంజెన్ దేశాల వీసాకు ఇదే కొలత. అమెరికా వీసాకు మాత్రం 2 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పుతో చతురస్రంగా ఉండాలి. గడ్డం నుంచి నడినెత్తి వరకు తల 25 నుంచి 35 మి.మీ. మధ్య కనిపించాలి. పాత ఫొటోను సాగదీసి చతురస్రంగా మారిస్తే ముఖం వెడల్పవుతుంది. కాబట్టి కొత్తగా తీయించుకోవడమే మేలు.

డీఎస్-160 దరఖాస్తులో పెట్టే ఫొటో జేపీఈజీ రూపంలో, 600 నుంచి 1200 పిక్సెళ్ల చతురస్రంగా, 240 కేబీకి మించకుండా ఉండాలి. కంప్యూటర్ దానిని స్వీకరించినా తుది నిర్ణయం కాన్సులేట్‌దే.

కెనడా శాశ్వత నివాస కార్డుకు కాగితపు ఫొటో ఇస్తే 50, 70 మి.మీ. కొలత పాటించాలి. వెనుక స్టూడియో పేరు, చిరునామా, తీసిన తేదీ ఉండాలి.

పుట్టుమచ్చ చెరిపితే చిక్కే
ముఖం తెల్లగా చేయడం, మచ్చలు తొలగించడం కొన్ని స్టూడియోలకు అలవాటు. శుభకార్యాల ఫొటోలకు అది ముచ్చటే. వీసా ఫొటో మాత్రం మనిషిని పోల్చుకోవడానికి ఉద్దేశించినది. అందుకే మార్పులు చేసిన ఫొటోను అంగీకరించరు. అమెరికా వీసా ఫొటోలో కళ్లజోడును 2016 నవంబరు 1 నుంచి నిషేధించారు. మతాచారం ప్రకారం నిత్యం ధరించే తలపాగా, ముసుగు ఉండవచ్చు గానీ ముఖం పూర్తిగా కనిపించాలి.

పాస్‌పోర్టుకు అక్కడే..
మన పాస్‌పోర్టుకు పెద్దలు ఫొటో తీసుకెళ్లనక్కర్లేదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లని వెనుకతెరతో 35, 45 మి.మీ. ఫొటో తీసుకెళ్లాలి.

ఇవి మరవొద్దు
* ఫొటో ఆరు నెలల్లోపు తీసినదై ఉండాలి.
* అమెరికా వీసాకు వెనుకతెర తెల్లగా ఉండాలి. ముఖంపై నీడ పడకూడదు.
* తెల్ల చొక్కా తెరలో కలిసిపోతుంది. ముదురు రంగు దుస్తులు మేలు.
* రెండు కళ్లూ తెరిచి, సూటిగా చూడాలి.
* పసిపిల్లలను తెల్లని దుప్పటిపై పడుకోబెట్టి తీయించవచ్చు. పెద్దల చేతులు కనిపించకూడదు.
* స్టూడియోలో ముందుగా ఏ దేశానికో, ఏ వీసాకో చెప్పాలి.