మీట నొక్కితే ఫిజియోథెరపీ వచ్చేనా?

కరీంనగర్: మోకాలు ఎన్ని డిగ్రీలు వంగాలో ఫిజియోథెరపీ విద్యార్థి పుస్తకంలో చదువుకునే వార్డుకు వస్తాడు. తీరా మంచం పక్కన నిలబడ్డాక రోగికి డిగ్రీలతో పనిలేదు. నాట్లకు పోవచ్చా, నేలమీద కూర్చుని బీడీలు చుట్టవచ్చా అన్నదే ఆమె ప్రశ్న. కోరుట్ల, మెట్‌పల్లి బీడీ కార్మికుల మెడనొప్పికీ, సిరిసిల్ల మరమగ్గాల వారి భుజాలకూ, గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుల నడుములకూ ఒకే పాఠం సరిపోదు గదా!

విద్యార్థులు ఎక్కడైనా కోరేది ఇదే. గురువు ముందు తాను చేసి చూపాలి. తర్వాత వారితో చేయించాలి. తప్పు జరిగితే అక్కడికక్కడే చెప్పాలి గాని, రోగి ఎదుట చీవాట్లు పెట్టరాదు. 1984లో అమెరికాలో ఎమరీ జరిపిన అధ్యయనంలోనూ విద్యార్థులు గురువు వృత్తి నైపుణ్యం కన్నా మాటతీరుకూ, మెలిగే తీరుకూ ఎక్కువ విలువ ఇచ్చారు.

ఈ కోరికలో న్యాయం ఉంది. కండరాల బలాన్ని సున్నా నుంచి 5 దాకా లెక్కిస్తారు. భూమ్యాకర్షణకు ఎదురుగా చెయ్యి పూర్తిగా లేపగలిగితే 3. మనం కొంత అడ్డుపెట్టినా నిలబెట్టగలిగితే 4. ఆ ‘కొంత’ ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. అనుభవం గల చెయ్యి విద్యార్థి చేతిమీద పడితేనే అది తెలుస్తుంది. పక్షవాతం రోగి భుజాన్ని పట్టిలాగితే కీలుకు హాని అన్న సంగతీ అంతే.

కాని చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ అంటే కరెంటు యంత్రం మీట నొక్కడం, మైనం కాపడం పెట్టడం, రిజిస్టరు రాయడం. 2025లో జాతీయ కమిషన్ రూపొందించిన కొత్త పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచింది. నేర్పేవారు పక్కన లేకుంటే నొక్కే మీటలు రెట్టింపవుతాయి, అంతే!

రోగులకు కొదవలేదు. ఆదిలాబాద్ రిమ్స్ 2008లోనే వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలోనూ, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. కావలసింది మంచం పక్కన అరగంట నిలబడే గురువు.

ఉట్నూరు వైపునుంచి గోండీ తప్ప మరో భాష రాని రోగి వస్తే ఆ గురువు విలువ మరింత తెలుస్తుంది. వ్యాయామం కాగితంమీద రాసిచ్చి పంపితే లాభం లేదు. విద్యార్థి తాను చేసి చూపాలి, వెంటవచ్చిన వారిచేత రెండు ముక్కలు చెప్పించాలి, ఇంటికి కదిలేముందు రోగి చేతనే మరోసారి చేయించి చూడాలి.