ఆనకట్ట ఒక్కటి, ప్రభుత్వములు మూడు: తుంగభద్ర బోర్డు పనిచేయు తీరు

హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ వంటి టోకు బజారులో బస్తా త్రాసు నెక్కినప్పుడు, అందలి గింజ ఏ రాష్ట్రపు నీటితో పండినదని త్రాసు అడుగదు. కాని కాలువకు నీరు వదలునప్పుడు ఆ ప్రశ్న తప్పదు. రాయచూరు, కర్నూలు, గద్వాల ప్రాంతముల రైతులు తుంగభద్ర నీటినే వాడుకొందురు. నేడు ఆ మూడు ప్రాంతములును మూడు ప్రభుత్వముల పాలనలో నున్నవి. ఇరుగుపొరుగు ప్రభుత్వములు ఒక్క జలాశయమును ఎట్లు పంచుకొనుచున్నవో ప్రతి ఆయకట్టు రైతును తెలిసికొనుట అవసరము.

బోర్డు ఎట్లు పుట్టినది?

1944లో హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని, 1945 ఫిబ్రవరి 28న ఆనకట్టకు పునాది వేసినవి. ఎడమ ప్రక్క పనిని హైదరాబాదు, కుడి ప్రక్క పనిని మద్రాసు చేపట్టినవి. 1953లో నీరు వదలిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడగా బళ్లారి జిల్లాలో హెచ్చు భాగము మైసూరుకును, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును చేరినవి. కాలువ మొదలు ఒక రాష్ట్రమున, చివర మరొక రాష్ట్రమున పడెను. అందుచే ఆంధ్ర రాష్ట్ర చట్టము ననుసరించి తుంగభద్ర బోర్డును నెలకొల్పిరి.

1956లో రాయచూరు మైసూరులో కలిసినది. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైనది. సరిహద్దులు మారినను బోర్డు నిలిచినది. దీని అధ్యక్షుని కేంద్ర ప్రభుత్వము నియమించును. కేంద్రముతో పాటు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రతినిధులు సభ్యులు. ఆనకట్టను, కుడి గట్టు ఉమ్మడి కాలువలను బోర్డు చూచును. ఖర్చును రాష్ట్రములు నిర్ణీత దామాషాలో భరించును.

నీటి లెక్క

నూరు కోట్ల ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. యందురు. బచావత్ ట్రిబ్యునలు తీర్పు ప్రకారము ఈ జలాశయము నుండి సంవత్సరమునకు 212 టి.ఎం.సి.లు వాడుకొనవచ్చును. ఇందు కర్ణాటక వాటా 138.99. మిగిలిన 73.01లో ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కర్నూలు–కడప కాలువకు 10, రాజోలిబండ మళ్లింపు పథకమునకు 6.51 కేటాయించిరి. ఈ చివరి భాగము ఇప్పుడు తెలంగాణకు చెందును.

జూన్ నుండి మొదలగు నీటి సంవత్సరమునకు బోర్డు వచ్చు నీటిని అంచనా వేసి, పట్టిక తయారుచేయును. వరదలను బట్టి దానిని సవరించును. నీరు తగ్గినచో అందరి వాటాలు అదే దామాషాలో తగ్గును. మాటవరుసకు, 159 టి.ఎం.సి.లే లభించుననుకొందము. అనగా నూటికి 75. అప్పుడు దిగువ కాలువకు 24కు బదులు 18, రాజోలిబండకు 6.51కి బదులు 4.88 మాత్రమే వచ్చును. పట్టికలో తగ్గిన అంకె, చివరి మడిలో ఎండిన పైరుగా కనబడును.

ఉమ్మడి నష్టము

ఆనకట్ట కట్టిన నాటి నిల్వ సుమారు 133 టి.ఎం.సి.లు. పూడిక చేరి, 2016 సర్వే నాటికి 105.8కి తగ్గినది. పోయిన 27 టి.ఎం.సి.లు దిగువ కాలువ సంవత్సరపు కేటాయింపు కన్న ఎక్కువ!

2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. జలాశయమప్పుడు నిండుగా నుండెను. ఒత్తిడి తగ్గించుటకు మిగిలిన గేట్లను కూడ ఎత్తి నీటిని వదలవలసి వచ్చెను. నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో, వారము తిరుగునంతలో స్టాప్‌లాగ్ దించి ప్రవాహమును అడ్డిరి. తరువాతి వరదలకు జలాశయము మరల నిండుట రైతుల అదృష్టము. కాని 2025లో భద్రత కొరకు నిల్వను 80 టి.ఎం.సి.లకు పరిమితము చేయవలసి వచ్చినది. ఒక్క గొలుసు తెగిన నష్టము మూడు రాష్ట్రముల రైతులకును తగిలినది. కనుక మరమ్మతు ఖర్చు దండుగ కాదు. అదియు పంట పెట్టుబడియే.

ఆయకట్టులో చేయవలసిన పనులు

బోర్డు నీటిని కొలిచి వదలగలదు గాని ప్రతి తూము వద్ద కావలి యుండజాలదు. రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో నున్నది. దాని ఆయకట్టులో హెచ్చు భాగము, 87,500 ఎకరములు, అలంపురము ప్రాంతమున నున్నది. చివరి భూములకు నీరు చాలకనే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకమును చేపట్టిరి.

కావున రైతులు నారు పోయుటకు ముందే ఆ సంవత్సరపు నీటి కేటాయింపును నీటిపారుదల కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను. వాటా తగ్గినచో కాలువ చివరి భూములందు వరికి బదులు కంది, శనగ, జొన్న వంటి ఆరుతడి పైరులు వేయుట మేలు. వరి తప్పనిచో స్వల్పకాలిక రకములను ఎన్నుకొనవలెను. కాలువకు గండి కొట్టుట, తూము పగులగొట్టుట తోటి రైతు పొట్ట కొట్టుటయే. గ్రామాధికారులు పంటల విస్తీర్ణమును ఉన్నదున్నట్లు నమోదు చేయవలెను. రాష్ట్రము బోర్డును కోరు నీటికి ఆ అంకెలే ఆధారము.

ఇరుగుపొరుగుల మధ్య తగవు రాకుండదు. వచ్చినప్పుడు తీర్చుకొనుటకు అందరును ఒప్పుకొన్న కొలత, ఆ కొలతను కాపాడు ఉమ్మడి సంస్థ ఉండవలెను. తుంగభద్ర రైతుకు ఆ రెండును కలవు. నది ఒడ్డున అమలగు ఆ కొలత పంటబోదె వద్దను అమలైన నాడే చివరి మడికి నీరు చేరును.